ఖరీదైన సూదా, పాత సిస్‌ప్లాటినా? నోటి క్యాన్సర్‌కు ఏది మేలు?

"అల్లుడా, పత్తి పైసలు వచ్చినయ్ గదా, ఆ ఖరీదైన సూదే ఇప్పియ్యరాదా?" అన్నాడు మామ. పత్తి అమ్మిన ఎనుమాముల మార్కెట్ చీటీ ఇంకా ఆయన జేబులోనే ఉంది. ఏళ్ల తరబడి అంబర్ పొగాకు నమిలిన నోరు. దవడ లోపల గడ్డ, రేడియేషన్‌తో పాటు కీమో కూడా కావాలన్నారు. మామ అడిగింది సెటుక్సిమాబ్.

నాకు మాత్రం సిస్‌ప్లాటిన్ మీదే గురి. అమెరికాలో 1978లోనే అనుమతి వచ్చిన పాత మందు. కణంలోకి పోయి డీఎన్‌ఏకు అతుక్కుని దాన్ని వంచేస్తుంది. కణం ఊరుకోదు. మందు వచ్చే దారుల్ని తగ్గించుకుంటుంది, వచ్చినదాన్ని తనలో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థంతో కట్టేస్తుంది, చెడిన ముక్కను కత్తిరించి కొత్తది వేసుకుంటుంది. పైగా పొగాకుతో వచ్చే నోటి క్యాన్సర్లలో చాలావాటికి పీ53 జన్యువు పాడై ఉంటుంది. దెబ్బ తిన్న కణాన్ని చచ్చిపొమ్మని చెప్పేది అదే. చెప్పే దిక్కు లేక కణం ఆ దెబ్బతోనే బతికేస్తుంది. ఇంత మొండిదానిమీద కూడా రేడియేషన్, సిస్‌ప్లాటిన్ కలిసి పడితే, డీఎన్‌ఏకు రెండు దిక్కుల నుంచీ తగిలిన దెబ్బను రిపేరు చేసుకోవడం దానికి కష్టమైపోతుంది.

సెటుక్సిమాబ్ లోపలికే పోదు. కణం పైనుండి పెరగమనే కబురు అందుకునే ఈజీఎఫ్‌ఆర్ అనే ప్రొటీన్‌ను మూసేసి, ఆ కబురును ఆపుతుంది. కణం ఆ కబురును ఇంకో దారిలో తెప్పించుకోగలదు. హెచ్‌పీవీ అనే వైరస్‌తో వచ్చిన గొంతు క్యాన్సర్ మీద 2019లో అచ్చయిన రెండు ట్రయల్స్‌లో, రేడియేషన్‌తో సిస్‌ప్లాటిన్ తీసుకున్నవాళ్లే ఎక్కువమంది బతికారు. మామది పొగాకు జబ్బు, ఆ లెక్క అలాగే వర్తించదు. కానీ ధర ఎక్కువని మందు గొప్పదైపోదు.

సిస్‌ప్లాటిన్‌తో భయం కిడ్నీలకూ, చెవులకూ. అది పడనివాళ్లకు డోసిటాక్సెల్ అనే ఇంకో మందు ఉంది. కణం రెండుగా చీలేటప్పుడు వాడుకునే దారాలను ఇది బిగబట్టేస్తుంది కాబట్టి డీఎన్‌ఏ రిపేరు అక్కరకు రాదు. కొన్ని కణాలు దీన్నీ పంపుతో బయటికి తోసేస్తాయి. అయినా ముంబై టాటా మెమోరియల్ వాళ్లు 2023లో ప్రచురించిన ట్రయల్‌లో, రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో రెండేళ్లకు 41.7 శాతం బతికుంటే, డోసిటాక్సెల్ కూడా తీసుకున్నవాళ్లలో 50.8 శాతం. నోటి పుండ్లు మాత్రం పెరిగాయి.

మామకు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష బాగానే వచ్చింది. చెవి పరీక్షలో సన్నటి శబ్దం వినపడగానే వేలెత్తమన్నారు. గాజు గదిలో మామ నా దిక్కే చూస్తూ కూర్చున్నాడు, వేలు లేవలేదు. డాక్టర్ డోసిటాక్సెల్ రాశారు. బయటికొచ్చాక మామ మార్కెట్ చీటీ తీసి అత్తమ్మ చేతిలో పెట్టాడు.