నాలుగు చలికాలాలు, ఒక పాత తెరచాప పడవ: ఇంట్రాకోస్టల్ వాటర్‌వే మీద మా అనుభవం

తెరచాప పడవ కొనుక్కుని, అమెరికా తూర్పు తీరం వెంట సాగే పడవల దారి ఇంట్రాకోస్టల్ వాటర్‌వే మీద దక్షిణానికి వెళ్దామనుకునేవాళ్లు తెరచాప మీద పెద్దగా ఆశలు పెట్టుకోకండి. ఈ మాట మొదటే చెప్పేస్తే మంచిది. నాలుగేళ్ల మా ఇంజను లెక్కలు చూస్తే, పన్నెండు గంటల ప్రయాణంలో పది గంటలు డీజిలే. కాలవ సన్నం, మలుపులు ఎక్కువ, గాలేమో సగం రోజులు ఎదురుగానే కొడుతుంది. మొదటి ఏడాది ఇది చూసి నాకు చిరాకేసింది. మా ఆవిడకి మాత్రం వెయ్యలేదు. "గాలి కోసం కాదుగా వచ్చింది, చలి తప్పించుకోవడానికి" అంది.

మేం వర్జీనియాలో ఉంటాం. నేను ఉద్యోగం మానేసిన ఏడాది 30 అడుగుల పాత ఫైబర్‌గ్లాస్ పడవ కొన్నాం, 1980ల నాటిది. నీటి కింద 5 అడుగుల 3 అంగుళాలు ఉంటుంది. నీటి పైన తెరచాప కొయ్య, దాని మీద యాంటెనా కలిపి 47 అడుగులు. ఈ దారిలో పడవ జాతకమంతా ఈ రెండు అంకెల్లోనే ఉంది. పైన గొడవ లేదు. తెరుచుకోని వంతెనల కింద 65 అడుగుల ఖాళీ ఉండాలని ప్రమాణం, మయామీలో ఒక్క వంతెన దగ్గర మాత్రం 56. తంటా అంతా కింద. కాగితం ప్రకారం నార్ఫోక్ నుంచి ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగుల లోతు ఉండాలి. కానీ ప్రతి తుఫానూ ఇసుకని ఒక చోట తీసి ఇంకో చోట మేట వేస్తుంది. నిరుడు పది అడుగులున్న మలుపులో ఈ ఏడు ఐదున్నర చూపిస్తే ఆశ్చర్యపోవక్కర్లేదు.

సముద్రానికీ నేలకీ మధ్య ఉన్న నదులు, పాయలు, పర్రలు, వాటిని కలుపుతూ తవ్విన కాలవలు, అన్నీ కలిపితే ఈ దారి. సున్నా మైలు నార్ఫోక్‌లో మొదలవుతుంది. ఇక్కడ లెక్క రోడ్డు మైళ్లలోనే, సముద్రపు మైళ్లలో కాదు. ఇది తెలియక నేను మొదటి వారమంతా మా వేగం బాగా పెరిగిందని మురిసిపోయాను.

మాది పెదగంజాం వైపు పల్లె. కొమ్మమూరు కాలవ వచ్చి బకింగ్‌హాం కాలవలో కలిసేది అక్కడే. మా తాత చినగంజాం ఉప్పు పడవల మీద మద్రాసు వెళ్లొచ్చినవాడు. గాలి ఉంటే చాప ఎత్తేవాళ్లట, లేకపోతే గెడ వేసేవాళ్లట, అదీ కుదరకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లట. నేను చేసేదీ అదే ప్రయాణం, తాడు లాగే మనుషుల బదులు 23 గుర్రాల డీజిలు ఇంజను ఉంది, అంతే. ఈ పోలిక తట్టిన దగ్గర్నుంచి తెరచాప గురించి బాధపడటం మానేశాను.

బయల్దేరగానే రెండు దారులున్నాయి. ఎక్కువమంది గ్రేట్ బ్రిడ్జ్ లాకుల మీదుగా వెళ్తారు. అది వెడల్పు, లోతు కూడా ఎక్కువ. మేం నాలుగుసార్లూ డిస్మల్ స్వాంప్ కాలవే పట్టుకున్నాం. 22 మైళ్లు, దాదాపు తిన్నగా, రెండు పక్కలా చెట్లు వంగి ఉంటాయి. చిత్తడి అడవి ఆకులు, వేర్లు నాని నీళ్లు డికాక్షన్ రంగులో ఉంటాయి. అందులో నురగ లేస్తే ఎవరో కాఫీ తిరగేసి పోసినట్టే ఉంటుంది. రెండు చివర్లా లాకులు. లోపలికెళ్లి తాళ్లు పట్టుకుని నిలబడితే ఎనిమిది అడుగులు పైకి లేపుతారు. లాకుల గేట్లు రోజుకి నాలుగుసార్లే తీస్తారు, ఆ వేళ తప్పితే అక్కడే పడిగాపులు. అడుగున మునిగిన దుంగలుంటాయి. మా పడవ అడుక్కి కనీసం మూడు దెబ్బలు తగలకుండా ఒక్క ఏడూ దాటలేదు. పచ్చటి నీటి నాచు ఇంజనులోకి నీళ్లు పీల్చే జాలీకి అడ్డం పడి ఒకసారి ఇంజను వేడెక్కింది కూడా. అయినా నాకు ఈ ముక్కే ఎక్కువ ఇష్టం.

ఈ కాలవ తవ్వకం 1793లో మొదలై 1805లో పడవలు తిరిగాయి. తవ్వింది బానిసలు, యజమానుల దగ్గర్నుంచి కూలికి తెచ్చినవాళ్లు, నడుం లోతు బురదలో. మా బకింగ్‌హాం కాలవలో కొంత భాగం 1877-78 కరువులో, ఆకలితో వచ్చినవాళ్లకి కరువు పనిగా తవ్వించారు. సౌత్ మిల్స్ లాకుల దగ్గర గేటు తెరిచేదాకా కూర్చున్న ఒక మధ్యాహ్నం ఆవిడకి ఇది చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గోంగూర సీసా మూత తియ్యమని నా చేతికిచ్చింది.

వంతెనల గురించి కొంచెం తెలుసుకుని వెళ్లాలి. తెరిచే వంతెన అయితే రేడియోలో అడగాలి. వర్జీనియా, నార్త్ కరోలినాల్లో ఛానల్ 13, సౌత్ కరోలినా నుంచి కిందికి ఛానల్ 9. చాలావాటికి గంటకో అరగంటకో ఒకసారని టైం ఉంటుంది. ఆరు మైళ్ల వేగంతో పోయే పడవకి ఆ టైం అందుకోవడమే ఒక లెక్కల పరీక్ష. మా పడవ పేరు పైరగాలి. ఆ పేరు రేడియోలో వంతెనవాళ్లకి ఎలా వినబడుతుందో ఊహించుకోండి. పైరా గల్లీ, పైరేట్ గాలి, ఒకాయనైతే "సార్, ఆ పైరేట్ పడవ" అనే పిలిచాడు. ఒక్కో అక్షరం విడమరిచి చెప్పే పని ఆవిడ తీసుకుంది.

దారిలో గుర్తుల స్తంభాలుంటాయి. దక్షిణానికి వెళ్తుంటే ఎరుపు కుడివైపు, ఆకుపచ్చ ఎడమవైపు. కానీ సముద్రం నుంచి వచ్చే నది అడ్డం పడ్డచోట రంగులు తారుమారవుతాయి, కొత్తవాళ్లు బోల్తాపడేది అక్కడే. అలాంటిచోట స్తంభం మీద చిన్న పసుపు గుర్తు చూడాలి. త్రికోణమైతే ఎర్రదాని కింద లెక్క, చదరమైతే ఆకుపచ్చదాని కింద లెక్క. స్తంభం అసలు రంగు ఏదైనా సరే.

ఇక జార్జియా. చాలామంది ఈ రాష్ట్రాన్ని తప్పించుకుని సముద్రం మీదుగా పోతారు. కారణం పోటు పాట్లు. ఇక్కడ నీళ్లు ఎనిమిది అడుగుల దాకా లేచి దిగుతాయి. పొద్దున్న గడ్డి కొసలకి సమానంగా ఉన్నవాళ్లం, మధ్యాహ్నానికి రెండు బురద గోడల మధ్య ఉంటాం. లంగరు వేసేటప్పుడు లోతు 10 అడుగులుంటే, పోటుకి 18 అవుతుంది. దానికి పడవ ముక్కు ఎత్తు 4 కలపాలి. ఆ మొత్తానికి ఐదు రెట్లు, అంటే 110 అడుగుల గొలుసూ తాడూ వదలాలి. ఆరుగంటలకోసారి ప్రవాహం తిరిగితే పడవ కూడా గిర్రున తిరుగుతుంది. నిద్రపోయేటప్పుడు కిటికీలో చంద్రుడు, లేచేసరికి అడవి.

రెండో ఏడు నవంబరులో లిటిల్ మడ్ రివర్ అనే పాయలో ఇరుక్కున్నాం. పేరులోనే బురద ఉంది, మనమే చూసుకోవాలి. ఆ సాయంత్రానికి సెయింట్ సైమన్స్ దీవి చేరాలి, స్నేహితులు కారులో వస్తున్నారు. పాటు ఇంకా రెండు గంటలుంది. చుక్కాని నా చేతిలో, లోతు చదివేది ఆవిడ.

"ఏవండీ, ఏడూ రెండు."

"ఊఁ."

"ఆరూ ఐదు. ఆరు. ఏవండీ, ఆపండి."

"ముందుకెళ్తే లోతుంటుందిలేవే, చార్టులో గీత అటే ఉంది."

చార్టు అంటే నీటి దారుల పటం, దాని మీద ఆ మెజెంటా గీత పడవలు పోయే దారి అని గీస్తారు. ఇసుక దాన్ని చూసి మేట వెయ్యదు కదా. మెత్తగా, పరుపు మీద కూర్చున్నట్టు పడవ ఆగింది. వెనక్కి ఇంజను తిప్పితే బురద ఎగజిమ్మింది తప్ప కదల్లేదు. ఇరుక్కున్న పడవల్ని లాగడానికి డబ్బు కట్టి పెట్టుకున్న టో సర్వీసుకి ఫోన్ చేస్తే, మేం వచ్చేసరికి నీళ్లుండవు, పోటు వచ్చేదాకా కదలకండి అన్నారు. గంటన్నరకి పడవ ఒక పక్కకి వాలింది. స్టవ్వు ఊయలలా వేలాడేది కాబట్టి కుక్కరు నిటారుగానే ఉంది, మేమే వంకరగా ఉన్నాం. ఆవిడ గోడకి వీపు ఆనించి, కాలు ఎదురు బల్లకి తన్ని పెట్టి పప్పుచారు తాలింపు వేసింది. నేను మాట్లాడే పరిస్థితిలో లేను. బయట బురదలో కొంగలు నడుస్తున్నాయి, మా చుక్కాని పక్కనే. నాలుగున్నర గంటల తర్వాత నీళ్లు మళ్లీ వచ్చి, పడవ దానంతటదే లేచింది. ఆ రోజు నుంచి మా పడవలో ఒకే రూలు: లోతు 8 అడుగుల లోపు పడితే ఆవిడ మాటే చెల్లుతుంది. ఆ తర్వాత రెండు చలికాలాలు మేం ఎక్కడా ఇరుక్కోలేదు.

ఖర్చులకొస్తే, మా ఇంజను గంటకి అర గ్యాలన్ తాగుతుంది. వీరో బీచ్ దాకా 950 మైళ్లకి ఒక వైపు 85 గ్యాలన్ల లోపే అయింది. అసలు ఖర్చు మెరీనాలది, అంటే పడవలు కట్టుకునే రేవులది, పడవ పొడుగుని బట్టి అడుగుకింత అని రాత్రికి తీసుకుంటారు. మూడు రాత్రులు లంగరు, నాలుగో రాత్రి స్నానానికీ బట్టలకీ మెరీనా, ఇదీ మా పద్ధతి. సౌత్ కరోలినాలో మెక్లెలన్‌విల్ అని చిన్న రొయ్యల రేవు ఉంది. అక్కడ పడవల దగ్గరే రొయ్యలు కొని ఇగురు వండుకున్న రోజు, ఎవరైనా మమ్మల్ని చూస్తే చీరాల నుంచి దిగారనుకునేవాళ్లు. కరివేపాకు మొక్కని మాత్రం రెండుసార్లు తీసుకెళ్లి రెండుసార్లూ ఉప్పుగాలికి పోగొట్టుకున్నాం.

చలి తప్పించుకోవడానికని బయల్దేరతాం గానీ తుఫానుల కాలం పోయేదాకా ఆగి కదిలేసరికి నవంబరు వస్తుంది. నార్త్ కరోలినాలో పొద్దున్నే చుక్కాని దగ్గర నిలబడటం మాటలు కాదు. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. తిరిగి ఏప్రిల్, మే నెలల్లో వస్తే కంటికి కనబడనంత చిన్న కుట్టే పురుగులు సాయంత్రాలు చంపేస్తాయి. మామూలు దోమతెర వాటిని ఆపదు, సన్న జల్లెడ గుడ్డ కావాలి.

ఫ్లోరిడా గురించి అందరూ రాస్తారు, నేను ఎక్కువ రాయను. సెయింట్ అగస్టీన్ కోట ఎదురుగా పడవ కట్టుకుని వారం ఉండొచ్చు. హాలోవర్ కాలవలో మానటీలు, అంటే సముద్రపు ఆవులు, కనబడతాయి, మెల్లగా పోవాలి. ఉత్తరం గాలి తగిలితే ఇండియన్ రివర్‌లో ముందు తెరచాప ఒక్కటే విప్పి ఇంజను ఆపేసి రోజంతా పోవచ్చు. ఏడాదికి అలాంటి రోజులు మాకు ఐదో ఆరో దొరికాయి.

సముద్రం మీద తెరచాప నడపాలన్న కోరిక ఉంటే ఈ దారి వద్దు, విసుగొస్తుంది. ఇంత తేదీకి ఇంత దూరం అని లెక్క వేసుకునేవాళ్లకీ వద్దు. ఇద్దరూ ఆరువారాల పాటు 30 అడుగుల్లో ఉండగలరా అన్నది మాత్రం ముందు ఒక వారం ఎక్కడైనా ఉండి చూసుకోండి. మా సంగతి, మొదటి ఏడు మూడో రోజే రేవు దగ్గర పెద్ద గొడవైంది, తాడు ఎవరు విసరాలని.

ఈ పడవ అమ్మకానికి పెట్టాం. నాలుగు అడుగుల లోతే పట్టే ఇంకోటి చూస్తున్నాం. కొనే ఆయన పేరు మార్చుకుంటాడు కాబట్టి, కొత్త పడవకి కూడా పైరగాలి అనే పెడదామంది ఆవిడ. రేడియోలో స్పెల్లింగ్ చెప్పడం అలవాటైపోయిందట.