తోహు వైన్: ఎనిమిదేళ్ల పరిచయం తర్వాత

న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో కాపురం పెట్టిన తొలి ఏడాది, బియ్యం కోసం సూపర్‌మార్కెట్‌కు వెళ్లి, వైన్ అరలో ‘తోహు’ అన్న పేరు చూసి ఆగాను. ఇక్కడి మూలవాసులైన మావోరీల భాషలో ఆ మాటకు గుర్తు, సంకేతం అని అర్థం. స్థానికుల నగిషీని పైన అచ్చువేసి అమ్ముకునే సరుకు ఈ దేశంలో చాలానే కనిపిస్తుంది కనుక ఇదీ ఆ కోవలోదేనని అనుకుంటూనే, కుతూహలం కొద్దీ ఒక సీసా కొన్నాను. అప్పటినుంచి మా ఇంట్లో సావిన్యాన్ బ్లాన్ అనే తెల్ల వైన్ అంటే అదే.

నా అనుమానం తీరింది లేబుల్‌తో కాదు, భూమి చరిత్రతో. 1998లో మొదలైన తోహుకు మావోరీల యాజమాన్యంలో వచ్చిన తొలి వైన్ సంస్థగా పేరుంది. దాని వెనుక ఉన్నది దక్షిణ ద్వీపంలోని నెల్సన్ నగరం కేంద్రంగా పనిచేసే వాకటూ ఇన్‌కార్పొరేషన్. ఆ ప్రాంతపు భూములకు మొదటి హక్కుదారులైన మావోరీ కుటుంబాల వారసులు సుమారు 4,000 మంది దాని యజమానులు. 1840లలో నెల్సన్‌లో వలస స్థావరం నెలకొల్పిన బ్రిటిష్ వలస సంస్థ న్యూజీలాండ్ కంపెనీ, భూమిలో పదో వంతును మావోరీలకు కేటాయిస్తామని ఇచ్చిన మాట పూర్తిగా నెరవేరలేదు. దక్కిన కొద్ది భూమి కూడా ప్రభుత్వ ధర్మకర్తల చేతిలో, శాశ్వత కౌళ్ల కింద దశాబ్దాలపాటు నలిగి, 1977లో వాకటూ ఏర్పడినప్పుడు గానీ వారసుల అధీనంలోకి రాలేదు. మావోరీ పెద్ద రోరే స్టాఫర్డ్ వేసిన వ్యాజ్యంలో, ఆ భూముల విషయమై ధర్మకర్త బాధ్యత ప్రభుత్వానికి ఉండిందని సుప్రీం కోర్టు 2017లో తేల్చింది.

ఇక వైన్ సంగతి. నెల్సన్ పక్కనే ఉన్న ద్రాక్షతోటల ప్రాంతం మార్ల్‌బరో. అక్కడి సావిన్యాన్ అనగానే చాలామందికి గుర్తొచ్చే పాషన్‌ఫ్రూట్ ఘుమఘుమ ఇందులో కాస్త వెనక్కి తగ్గి ఉంటుంది. మార్ల్‌బరోలో తోహు తోట ఉన్న ఆవాటెరె లోయ, పక్కనున్న వైరావు లోయ కంటే చల్లనిది, గాలి ఎక్కువ. అందుకే నలిపిన టమాటా ఆకు, కోసిన పచ్చి క్యాప్సికం వంటి వాసనలు ముందుకొస్తాయి, పులుపు పదునుగా ఉంటుంది, చివర తడిసిన రాయి నాకినట్టు ఒక పొడి రుచి నిలుస్తుంది. లోయకు ఎగువన 2,885 మీటర్ల తపుయే-ఓ-ఉయెనుకు శిఖరం ఉంటుంది. ఆ తోట పేరు ‘ఫెనువా ఆవా’: ఆవా అంటే ఏరు, ఫెనువా అంటే నేల. మావోరీలో బిడ్డతో వచ్చే మావిని కూడా ఫెనువా అనే అంటారు, దాన్ని నేలలోనే పాతిపెడతారు. మా అమ్మమ్మగారి ఊళ్లోనూ మావిని పాతిపెట్టేవారు గనుక, ఆ మాట విన్న రోజు నాకు వివరణ అవసరం లేకపోయింది.

మన వంటలతో దీని పొత్తు నేను అనుకున్నంత సులువుగా కుదరలేదు. పులుపుకు పులుపు బాగా నప్పుతుంది: గోంగూర రొయ్యలతోను, స్నాపర్ చేపతో పెట్టిన పులుసుతోను వైన్ రుచి నిలబడుతుంది. కారం దగ్గరే చిక్కు వస్తుంది. ఆల్కహాల్ మిరప మంటను ఇంకా పెంచుతుంది కనుక గుంటూరు మిరపతో చేసిన కోడివేపుడు పక్కన ఈ వైన్ పెట్టుకోవడం నాలుకకు శిక్షే. కొబ్బరిపాలు, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి ఉడికించిన ఇక్కడి పచ్చగవ్వల మస్సెల్స్‌తో (ఆల్చిప్పలతో) తాగినప్పుడు మాత్రం మా అత్తగారు సైతం, వాసన చూడనంటూనే, రెండు గుటకలు వేశారు.

ఒక పొరపాటు నాది. తగ్గింపు ధరకు వచ్చిందని ఆరు సీసాలు కొని, వంటింటి అలమరలో మూడేళ్లు దాచాను. మూత మరమూతే అయినా ఆ పచ్చిదనం ఎగిరిపోయి, ఉడకబెట్టిన ఆస్పరాగస్ వాసన మిగిలింది. ఇది దాచుకునే వైన్ కాదు; కోత జరిగిన రెండేళ్లలోపు, బాగా చల్లబరిచి తాగాలి.

నెల్సన్ వైపు అప్పర్ మౌటెరె బంకమట్టిలో పండే షార్డొనే అనే మరో తెల్ల వైన్ ఇందుకు భిన్నంగా ఓపిక గలది, నిలవ ఉంచినకొద్దీ నాకు నచ్చింది. ఎర్ర వైన్ పినో న్వార్ మృదువుగా బాగానే ఉంటుంది గానీ, నేను మళ్లీ మళ్లీ వెతుక్కుని కొనేంత కాదు. ‘రేవా’ అనే బుడగల వైన్ సీసాలోనే రెండోసారి పులియబెట్టే పద్ధతిలో తయారవుతుంది. ధర ఎక్కువ కనుక దానిని మా పెళ్లిరోజుకు మాత్రమే తెరుస్తున్నాం. మామూలు రోజులకు నా ఓటు ఆవాటెరె సావిన్యాన్‌కే, అదీ సీసా మీద తోట పేరు విడిగా రాసి ఉన్న రకానికి.