డిబేట్ చూసినవాళ్ల స్పందన: డయల్ గీతా, తక్షణ పోలా?

అమెరికా అధ్యక్ష అభ్యర్థుల డిబేట్ సాగుతుంటే కొన్ని చానళ్లలో తెర అడుగున పాకే గీత డయల్‌ది. కొద్దిమంది తటస్థ ఓటర్లను ఒక గదిలో కూర్చోబెట్టి, 0 నుంచి 100 దాకా తిరిగే మీట, అంటే డయల్, చేతికిస్తారు. మొదలు 50 దగ్గర. మాట నచ్చితే పైకి, నచ్చకపోతే కిందికి. అందరి సగటే ఆ గీత. ఏ వాక్యం తగిలిందో పట్టుకోవాలంటే ఇదే సాధనం. కానీ విని, ఆలోచించి తిప్పేసరికి గీత మాట కంటే కాస్త వెనకబడుతుంది. ఆలోపు ప్రత్యర్థి అందుకుంటే మార్కులు అతని ఖాతాలో పడ్డట్టు కనిపిస్తాయి. పాతిక ముప్పై మందిలో ఇద్దరు ముగ్గురు గట్టిగా తిప్పినా సగటు కదులుతుంది. ఆ గీతను ఇళ్లలో చూసేవాళ్లకు చూపించడం మాత్రం తప్పే. 2010 బ్రిటన్ డిబేట్‌కు పరిశోధకులు కల్పిత గీత జోడిస్తే, గెలిచిందెవరన్న అభిప్రాయమే మారిపోయింది.

పోల్ దారి వేరు. చూస్తామన్న ఓటర్లను ముందే ఎంచుకుని, డిబేట్ ముగియగానే ప్రశ్నలు పంపుతారు. 2024 జూన్ 27న సీఎన్ఎన్ అడిగిన 565 మందిలో 67 శాతం ట్రంప్‌దే పైచేయి అన్నారు, 33 శాతం బైడెన్‌ది. ఇది చూసినవాళ్ల లెక్క, ఓటర్లందరిదీ కాదు. నమూనాలో ఏ పార్టీవాళ్లు ఎక్కువో ముందు చూడాలి. గెలుపు జోస్యంగా అసలే తీసుకోకూడదు. 2012 తొలి డిబేట్‌లో ఒబామా ప్రత్యర్థి రామ్నీ నెగ్గాడని చూసినవాళ్లలో 67 శాతం చెప్పారు. నవంబర్‌లో గెలిచింది ఒబామా.