క్రూయిజ్ ఓడ కీ కార్డు: ఎక్కడానికీ దిగడానికీ సరే, రేవులో తప్పిపోతే?

వశిష్ఠ గోదావరి దాటడానికి సఖినేటిపల్లి రేవులో నిలబడి పెరిగిన మా వంటివారికి, పంటు కదిలిన తరువాత కూడా గట్టు మీద నుంచి ఒక కేక పెడితే సరంగు ఆగుతాడన్న ధైర్యం చిన్ననాటి నుంచే ఉంటుంది. ఆ ధైర్యంతోనే నేను, మా ఆవిడ, అక్క, అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే బావగారు, నలుగురం కలిసి సింగపూర్‌లో బయలుదేరి మలేసియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ చూపించి మళ్లీ సింగపూర్‌లోనే దింపే నాలుగు రాత్రుల క్రూయిజ్ ఓడ ఎక్కాం. ఓడ పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. భోజనాల గురించీ, రాత్రి ఆటపాటల గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికీ పోవడం లేదు. ఎక్కేటప్పుడు చేతిలో పెట్టే ప్లాస్టిక్ కార్డు ఎంతవరకు పనికొచ్చింది, దాన్ని పట్టుకుని పరాయి రేవులో దిగాక మాలో మాకూ, ఓడతోనూ, ఊరితోనూ సంబంధం ఎంతవరకు నిలిచింది అన్నదే ఈ సమీక్ష విషయం.

సింగపూర్ టెర్మినల్‌లో పాస్‌పోర్టు చూసి, చిన్న కెమెరాతో ముఖం ఫొటో తీసుకుని, తలకొక కార్డు ఇచ్చారు. దాని మీద పేరు, ప్రయాణపు తేదీలు, రాత్రి భోజనం వేళ, ప్రమాద సమయంలో ఎక్కడ గుమికూడాలో చెప్పే ఒక ఇంగ్లిషు అక్షరం ఉన్నాయి కాని గది నెంబరు మాత్రం లేదు. అచ్చులో తప్పు జరిగిందనుకుని అక్క వెంటనే కౌంటరు దగ్గరికి వెళ్లి అడిగింది. కార్డు ఎక్కడైనా జారిపోతే దొరికినవాడు నేరుగా వెళ్లి గది తలుపు తెరవకూడదనే నెంబరు వేయరని, దాన్ని గుర్తుపెట్టుకోవలసింది మనమేనని ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. అక్కకు ఈ సమాధానం నచ్చలేదు. వందల తలుపులు ఒకే రంగులో, ఒకే వరుసలో ఉండే ఆ సన్నని నడవాల్లో తలుపులు ఇనుపవి కాబట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి అయస్కాంతపు బొమ్మను తమ తలుపుకు అంటించి, ఇక నెంబరుతో పని లేదని తేల్చేసింది.

ఈ కార్డు చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది గ్యాంగ్‌వే, అంటే ఓడ ఎక్కే, దిగే దారి, దగ్గరి లెక్క. ఓడ దిగేటప్పుడు అక్కడి యంత్రానికి కార్డు తాకిస్తే టింగుమని మోగుతుంది. మొదటి రోజు తీసిన ఫొటో కాపలా ఉద్యోగి ఎదుట తెర మీద కనబడుతుంది. అతడు తెరనూ మన ముఖాన్నీ ఒకసారి పోల్చి చూసి పంపుతాడు. తిరిగి వచ్చేటప్పుడు ఇదే తంతు, దానికి తోడు సంచుల తనిఖీ. ఓడలకూ రేవులకూ కలిపి అంతర్జాతీయ భద్రతా నియమావళి 2004 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన తరువాత ఇలా ఎక్కేవారినీ దిగేవారినీ అదుపులో ఉంచడం తప్పనిసరి అయింది. దానివల్ల ఏ క్షణంలోనైనా ఓడలో ఎవరున్నారు, ఒడ్డున ఎవరున్నారు అన్నది పేరు పేరునా తెలిసిపోతుంది. గోదావరి మనిషికి ఇది చిన్న విషయంగా కనిపించదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటకుల బోటు మునిగినప్పుడు, అందులో అసలు ఎంతమంది ఉన్నారన్న లెక్కే తొలి గంటల్లో ఒక్కొక్కరి నోట ఒక్కొక్క రకంగా వినిపించడం మేమెవ్వరం మరచిపోలేదు. అందుకే గ్యాంగ్‌వే దగ్గర వరుస ఎంత పొడుగ్గా ఉన్నా ఆ టింగు శబ్దం మీద నాకు విసుగు రాలేదు.

బయలుదేరే ముందు భద్రతా కసరత్తులోనూ ఈ కార్డే హాజరు పట్టీ. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూయిజ్ ఓడ ఒరిగిపోయిన తరువాత నిబంధన మారింది, కొత్తగా ఎక్కినవారికి ఈ కసరత్తు ఓడ కదలక ముందే, లేదా కదిలిన వెంటనే జరిపి తీరాలి. కార్డు మీది అక్షరం ప్రకారం మా స్థలానికి వెళ్లి తాకించి వచ్చాం. బావగారు మాత్రం రెండుసార్లు పిలిపించుకున్నాక వెళ్లారు. ఓడలో కొనేవన్నీ ఇదే కార్డు మీద రాసుకుని చివర్లో మన క్రెడిట్ కార్డు నుంచి డాలర్లలో లాగుతారు కాబట్టి, ప్రతి రాత్రీ రిసెప్షన్‌లో లెక్క ఒకసారి చూసుకోవడం మంచిది.

కార్డు విషయంలో ఎదురైన ఒకే ఒక్క ఇబ్బంది మా ఆవిడది. మా ఓడలో ఇచ్చినవి వెనుక నల్లని అయస్కాంతపు గీత ఉన్న పాత రకం కార్డులు. ఆమె చేతిసంచి మూతకు అయస్కాంతపు గుండీ ఉంది. రెండో రోజు ఉదయానికి తలుపు తెరుచుకోలేదు. రిసెప్షన్‌లో రెండు నిమిషాల్లో కొత్త కార్డు చేసి ఇచ్చి పాతదాన్ని రద్దు చేశారు, పైసా తీసుకోలేదు. లోపల చిప్ ఉన్న కార్డులకు ఈ బాధ ఉండదు. ప్రిన్సెస్ అనే క్రూయిజ్ కంపెనీవారు 2017లో కార్డుకు బదులు మెడలోనో మణికట్టుకో వేసుకునే నాణెం వంటి మెడాలియన్ తెచ్చారు, అది దగ్గరికి వెళ్లగానే గది తలుపు తెరుచుకుంటుంది. ఓడలో ఉన్న మనవాళ్లు ఏ అంతస్తులో తిరుగుతున్నారో కూడా దాని సాయంతో ఫోన్‌లో చూడవచ్చు. ఆ వెసులుబాటు కూడా ఓడ లోపలి వరకే.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. మా ఓడకు ఒక యాప్ ఉంది. అందులో తోటి ప్రయాణికులకు సందేశాలు పంపుకొనే సౌకర్యం ఉంది. నలుగురి ఫోన్లలోనూ అది పెట్టించి, దానికి తలకు ఇంత అని రుసుము కట్టి, ఇక ఒకరికొకరం అందుబాటులో ఉన్నట్టేనని నిశ్చింతగా ఉన్నాను. అది ఓడ వైఫైలో తప్ప పనిచేయదని, గ్యాంగ్‌వే దాటి పది అడుగులు వేయగానే మూగబోతుందని డబ్బు తీసుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు. ఓడలో అందరం రోజుకు మూడుసార్లు ఒకే బల్ల దగ్గర కలుస్తాం. తప్పిపోయే అవకాశం ఉన్నది ఒడ్డునే. అవసరం లేని చోట పనిచేసి, అవసరమైన చోట పనిచేయని ఈ సౌకర్యానికి నేను పదికి రెండు మార్కులకు మించి ఇవ్వలేను.

రెండో ప్రమాదం ఫోన్ బిల్లు. నడిసముద్రంలో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తే అది ఏ దేశపు టవరో అనుకోకూడదు. ఓడలోనే ఉన్న చిన్న టవర్, ఉపగ్రహం మీదుగా నడిచే ప్రత్యేక నెట్‌వర్క్ అది. మనం ఇంటి దగ్గర కొనుక్కునే మామూలు అంతర్జాతీయ రోమింగ్ ప్యాకుల్లో అది సాధారణంగా కలిసి ఉండదు, నిమిషానికి పడే ధర వింటే గుండె ఝల్లుమంటుంది. ఒడ్డు దూరమవుతుండగానే ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, కావలసినవారు వైఫై మాత్రం వేరుగా వేసుకోవాలి. వెయ్యి కాయల ధర ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి తెలియకపోతే ముద్ద దిగని బావగారికి ఈ మాట చెప్పి ఒప్పించడం నాలుగు రోజుల్లో నేను చేసిన అతి కష్టమైన పని. చివరికి ఆయన ఒక్కరికీ ఓడ ఇంటర్నెట్ కొన్నాం. అది మాత్రం బాగా నడిచింది, వాట్సాప్ కాల్‌లో అంబాజీపేట గుమాస్తా గొంతు పక్కగదిలో ఉన్నంత స్పష్టంగా వినిపించింది.

పెనాంగ్‌లో ఇబ్బంది ఏమీ రాలేదు. స్వెటెన్‌హామ్ రేవులో ఓడ నేరుగా గట్టుకే ఆగుతుంది, బయటికి రాగానే విక్టోరియా రాణి స్మారక గడియార స్తంభం ఎదురవుతుంది. రాణి పాలన అరవయ్యో ఏటి గుర్తుగా 1897లో తలపెట్టి అరవై అడుగుల ఎత్తున కట్టినది. తప్పిపోతే ఎవరికి వారు మూడు గంటలకు దాని కిందికి చేరాలని ముందే అనుకున్నాం, చేరాం. లిటిల్ ఇండియా వీధిలో తిరుగుతూ, మన తాళ్లరేవు దగ్గరి కోరంగి నుంచి ఓడలెక్కి బర్మా వెళ్లినవారిని అక్కడ కోరంగీలనే పిలిచేవారన్న సంగతి గుర్తొచ్చింది. వాళ్లు క్షేమంగా ఒడ్డు చేరారన్న కబురు ఇంటికి రావడానికి ఎన్ని వారాలు పట్టేదో.

ఫుకెట్ సంగతి వేరు. అక్కడ మా ఓడ పటాంగ్ తీరానికి దూరంగా లంగరు వేసింది, చిన్న టెండర్ పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేర్చారు. ఆఖరి టెండర్ ఓడ గడియారం ప్రకారం సాయంత్రం 4.30కి అని ముందు రాత్రి గదిలో పెట్టిన కాగితంలో ఉంది. ఓడ మొదటి నుంచి చివరి దాకా సింగపూర్ వేళనే పాటించింది. థాయిలాండ్ వేళ దానికి గంట వెనుక. ఒడ్డున టవర్ దొరకగానే ఫోన్ తనంతట తానే థాయిలాండ్ వేళకు మారిపోతుంది. అంటే ఓడలో 4.30 అయినప్పుడు జేబులోని ఫోన్ 3.30 చూపిస్తూ, ఇంకా గంట ఉందని నమ్మిస్తుంది. నేను చేతి గడియారాన్ని ముట్టుకోలేదు కనుక బతికిపోయాను. బావగారికి చేతి గడియారం అలవాటు లేదు. పైగా ఆయన సింగపూర్‌లో కొన్న సిమ్ సింగపూర్, మలేసియాలకే పరిమితం, థాయిలాండ్‌లో టవర్‌కు తగులుకుని వేళ మార్చుకుంది కాని కాల్ గాని, డేటా గాని ఇవ్వలేదు. “కొబ్బరి నీళ్ల బండి దగ్గర ధర కనుక్కుని వస్తాను బావా, మీరు పదండి” అని వెళ్లిన మనిషి నాలుగైనా రాలేదు.

టెండర్ రేవు దగ్గర కార్డులు చూస్తున్న ఉద్యోగికి విషయం చెప్పాను. అతడు వాకీటాకీలో ఓడను అడిగి, ఆ కార్డు ఉదయం దిగింది, ఇంకా ఎక్కలేదని నిమిషంలో తేల్చి చెప్పాడు. మేము వెళ్లిపోయాక ఆయన ఒక్కరే ఒడ్డున మిగలడం, లేక ఆయన ముందే ఓడ ఎక్కేసి ఉంటే మేము ఆయన కోసం ఒడ్డున మిగలడం అనే రెండు భయాల్లో రెండోది ఆ మాటతో తీరిపోయింది. ఆ మేరకు కార్డు ఉపకారమే చేసింది. కాని దిగాడని తెలిసిన కార్డుకు ఎక్కడున్నాడో తెలియదు, వేళ అయిందని ఆయన చెవిన వేసే దారి దానికి లేదు. అక్క అప్పటికే ఏడుపు మొదలుపెట్టింది.

4.22కి బావగారు ఒక గుజరాతీ కుటుంబంతో కలిసి చెమటలు కక్కుతూ వచ్చారు. కార్డు మెడలో వేసుకోవడానికి ఓడవారిచ్చిన నీలం రిబ్బను ఆయన చొక్కా బయట వేలాడుతోంది. అది చూసి ఆ కుటుంబంలోని పెద్దాయన ఆగి, ఓడ వేళ ఎంతయిందో చెప్పి లాక్కొచ్చారట. ఒడ్డున కార్డు బయటికి కనిపించేలా తిరగవద్దని, దొంగలకు మనం కొత్తవాళ్లమని చాటినట్టవుతుందని అంతకు ముందు ఆయనకు గట్టిగా చెప్పినవాణ్ణి నేనే. ఆ ముక్క ఆయన ఇప్పటికీ నాకు వదలకుండా వినిపిస్తుంటారు.

నిజంగా ఓడ వెళ్లిపోతే ఆశ్రయించవలసింది పోర్టు ఏజెంటును. ప్రతి రేవులోనూ ఓడ తరఫున ఒక ఏజెంటు ఉంటాడు. మనం రాలేదని తేలితే ఓడవారు గదిలో మన పాస్‌పోర్టు వెతికి ఆయనకు అప్పగించి వెళతారు, తరువాతి రేవు దాకా ఖర్చు మాత్రం మనదే. 2024 మార్చిలో ఆఫ్రికాలోని సావో టోమేలో ఇలాగే మిగిలిపోయిన ఎనిమిది మంది ప్రయాణికులు దేశాలు దాటుకుంటూ సెనెగల్‌లో గాని మళ్లీ తమ ఓడను అందుకోలేకపోయారు. మా ఓడలో ఆ ఏజెంటు ఫోన్ నెంబరు రోజువారీ కాగితం చివరి పుటలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఆ కాగితం బావగారి మంచం మీద ఉంది. కార్డు వెనుక కావలసినంత చోటు ఉండగా అక్కడ కాసినో ప్రకటన వేసుకున్నవారు, ఆ నెంబర్లూ ఓడ వేళా అక్కడ అచ్చు వేస్తే వారి సొమ్మేం పోయేదో నాకు అర్థం కాలేదు. కంపెనీకి పంపిన అభిప్రాయంలో ఇదే రాశాను.

వెళ్లదలచినవారు మూడు దేశాలకూ కలిపి పనిచేసే ఈసిమ్ (ముక్క లేకుండా ఫోన్‌లోకే ఎక్కించుకునే సిమ్) ఒకటి ఇంటి దగ్గరే తీసుకోవాలి, బ్యాంకు ఓటీపీల కోసం మన సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచాలి, ఏజెంటు నెంబరున్న పుటను ఫొటో తీసుకుని, పెద్దవారి జేబులో చీటీగా కూడా రాసి పెట్టాలి. ముల్లు తిరిగే చేతి గడియారం ఒకటి తప్పకుండా ఉండాలి. ఓడ సందేశాల యాప్‌కు డబ్బు కట్టనక్కరలేదు.

చివరి రోజు సింగపూర్‌లో దిగేటప్పుడు కూడా టింగుమంది. ఆ శబ్దంతో కార్డు పని అయిపోతుంది, మళ్లీ లోపలికి వెళ్లడానికి వీలుండదు. నాలుగు అడుగులు వేశాక అక్కకు కళ్లజోడు గదిలో మరచిపోయినట్టు గుర్తొచ్చింది. గది నెంబరు ఎంత అని ఉద్యోగి అడిగాడు. కార్డు మీద లేదు, అక్కకు గుర్తు లేదు. బావగారైతే ఏ అంతస్తో కూడా చెప్పలేకపోయారు. తలుపు మీద నరసింహస్వామి ఉంటాడని అక్క చేతులతో కోరలు, జూలు అభినయించి చూపించింది. ఇరవై నిమిషాల్లో గదులు సర్దే కుర్రవాడు కళ్లజోడుతో పాటు, ఆ హడావిడిలో ఆమె తలుపు మీదే వదిలేసిన స్వామినీ తెచ్చి ఇచ్చాడు.