కార్నియాకు ఫంగస్ పడితే నాటమైసినా, వొరికోనజోలా?
వరి కోతల్లో ఆకు కొస గీసుకున్నా, నూర్పిళ్లలో ఊక పడినా కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొరకు, అంటే కార్నియాకు, ఫంగస్ పట్టొచ్చు. దీనికి వాడే చుక్కల మందుల్లో ముఖ్యమైనవి రెండు. 5 శాతం నాటమైసిన్ పాతది. తెల్లగా, చిక్కగా ఉంటుంది, సీసా బాగా కుదిపి వేయాలి, లోతుకు అంతగా ఇంకదు. 1 శాతం వొరికోనజోల్ కొత్తది, లోపలికి బాగా దిగుతుంది. కాబట్టి అదే మేలనుకుంటాం.

కానీ దక్షిణ భారతంలో 323 మంది రోగులపై జరిగి, 2013లో ప్రచురితమైన పరీక్షలో నాటమైసినే మెరుగని తేలింది. వొరికోనజోల్ వాడినవారిలో కార్నియాకు రంధ్రం పడటం, మార్పిడి ఆపరేషన్ అవసరమవడం ఎక్కువగా కనిపించాయి. పొలం దెబ్బల తర్వాత తరచూ వచ్చే ఫ్యుజేరియం ఫంగస్‌లోనైతే తేడా మరీ స్పష్టం. అందుకే మొదటి మందుగా నా ఓటు నాటమైసిన్‌కే. డాక్టర్ చూడకుండా, ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ చుక్కలు మాత్రం దయచేసి వేయకండి. ఫంగస్ ఇంకా రెచ్చిపోతుంది.