సర్వీస్ లేవనప్పుడు సిస్టమ్‌డీ ఎంతవరకు ఆదుకుంటుంది? చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఉబుంటు లినక్స్ 16.04 కాలం నుంచి సర్వర్లు చూసుకుంటున్నాను. అందులో సర్వీసులను, అంటే వెనకాల నడిచే ప్రోగ్రాములను, లేపి చూసుకునేది సిస్టమ్‌డీ. డిపెండెన్సీ (దానికి కావాల్సిన వేరే ప్రోగ్రామ్ లేదా లైబ్రరీ) లేక సర్వీస్ పడిపోవడం అన్నది ఏ అప్‌గ్రేడ్ తర్వాతైనా ఎదురయ్యేదే. అలాంటప్పుడు సిస్టమ్‌డీ నాకు బాగానే పనికొచ్చింది, కాకపోతే అది చెప్పేది ఎక్కడ వెతకాలో తెలియాలి.

ముందు మెచ్చుకోవాల్సింది జర్నల్‌ని, అంటే సిస్టమ్‌డీ రాసిపెట్టే లాగ్‌ని. సిస్టమ్‌డీకి ముందు సర్వీసులను లేపిన పాత ఇనిట్ స్క్రిప్టుల రోజుల్లో సర్వీస్ మొదట్లోనే చచ్చిపోతే, అది చివరగా ఏం చెప్పిందో చాలాసార్లు ఎక్కడా మిగిలేది కాదు. ఇప్పుడు అదంతా జర్నల్‌లో ఉంటుంది. ఒక సర్వర్‌ని 20.04 నుంచి 22.04కి మార్చాక, బయటివాళ్లు తయారుచేసి ఇచ్చిన ప్రోగ్రామ్ ఒకటి లేవలేదు. సర్వీస్ పరిస్థితి చూపే సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కొడితే ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ఆగిపోతూ ఇచ్చే నంబరు) 127, కింద ‘స్టార్ట్ రిక్వెస్ట్ రిపీటెడ్ టూ క్విక్లీ’ అని ఒక లైను. దాన్ని చూసి లిమిట్లు పెంచేవాళ్లున్నారు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. మామూలు సెట్టింగుల్లో 10 సెకన్లలో 5 సార్లు లేపినా నిలబడకపోతే సిస్టమ్‌డీ ఇక ప్రయత్నం మానేస్తుంది, అంతే.

స్టేటస్‌లో లాగ్ చివరి 10 లైన్లే కనిపిస్తాయి. అసలు సంగతి అప్పటికే పైకి వెళ్లిపోయి ఉంటుంది. జర్నల్ చూపే జర్నల్‌సీటీఎల్‌కి మైనస్ యు పెట్టి సర్వీస్ పేరు, దాంతోపాటు మైనస్ బి (ఈసారి బూట్ అయినప్పటి నుంచి) ఇచ్చి మొదటి నుంచి చదివితే దొరికింది: ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలోని లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1 లేదట. 22.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 వస్తుంది, పాతది తీసేశారు. ప్రోగ్రామ్‌కి ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ నడిపి చూస్తే, దాని తోడు లైబ్రరీ లిబ్‌క్రిప్టో పక్కన కూడా ‘నాట్ ఫౌండ్’ అనే ఉంది. పాత ప్యాకేజీ ఎక్కడినుంచో తెచ్చి పెడితే సర్వీస్ లేచేదే. కానీ ఆ పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కి సాధారణ సపోర్ట్ 2023 సెప్టెంబర్‌తో ముగిసింది. సెక్యూరిటీకి సంబంధించిన లైబ్రరీతో అలాంటి సర్దుబాట్లు చేయకూడదని గట్టిగా నమ్ముతాను. ప్రోగ్రామ్‌నే కొత్త లైబ్రరీతో మళ్లీ బిల్డ్ చేయించాం.

ఎగ్జిట్ కోడ్ 203 (ఫైల్‌ని అసలు నడపలేకపోవడం) వస్తే దారి వేరు. ఫైల్ కళ్లముందే ఉన్నా, దాని మొదటి లైన్లో రాసిన ఇంటర్‌ప్రెటర్ (ఆ స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్) లేకపోతే ఇదే వస్తుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టుకి విడిగా పెట్టుకున్న పైథాన్) ఫోల్డర్‌ని వేరే చోటికి జరిపితే, అందులోని వెబ్ సర్వర్ గునికార్న్ ఇలాగే ఆగిపోతుంది. కొత్త చోట మళ్లీ తయారుచేసుకోవడమే మేలు.

నాకు నచ్చనిది యూనిట్ ఫైళ్ల (సర్వీస్‌ని ఎలా నడపాలో రాసే ఫైళ్ల) తీరు. రిక్వైర్స్ (ఫలానా సర్వీస్ తప్పక కావాలి) అని రాస్తే వరుస కూడా అదే చూసుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. చూసుకోదు. ఆఫ్టర్ (దాని తర్వాతే మొదలుపెట్టు) విడిగా రాయకపోతే రెండు సర్వీసులూ ఒకేసారి మొదలవుతాయి. నెట్‌వర్క్ టార్గెట్ (బూట్‌లో ఒక దశకి పెట్టిన పేరు) తర్వాత అని రాసినంత మాత్రాన ఐపీ వచ్చేసినట్టు కాదు. దానికి నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్‌ని వాంట్స్‌లోనూ (వీలైతే ఇదీ లేపు) ఆఫ్టర్‌లోనూ రాయాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది నిజంగా టెన్షన్ పెట్టే విషయం. సర్వీస్ దేనిమీద ఆధారపడిందో చూపే లిస్ట్ డిపెండెన్సీస్ కమాండ్ కొంత ఆదుకుంటుంది, పడిపోయిన యూనిట్ పక్కన ఎర్ర గుర్తు కనిపిస్తుంది.

సిస్టమ్‌డీ అనలైజ్ వెరిఫై కూడా మంచిదే. యూనిట్‌లో రాసిన ప్రోగ్రామ్ ఆ చోట లేకపోతే ముందే చెబుతుంది. లైబ్రరీల జోలికి మాత్రం పోదు. అందుకే అప్‌గ్రేడ్‌కి ముందు బయటినుంచి తెచ్చుకున్న ప్రతి ప్రోగ్రామ్ మీదా ఎల్‌డీడీ నడిపి, ఏ లైబ్రరీ ఏ వెర్షన్ కావాలో రాసిపెట్టుకుంటాను. నమ్మకం లేని ఫైల్ అయితే ఎల్‌డీడీ వద్దు, దానివల్ల ఆ ఫైల్‌లోని కోడ్ నడిచే ప్రమాదముంది. అక్కడ ఫైల్‌ని నడపకుండా చదివే ఆబ్జ్‌డంప్ మైనస్ పి వాడండి.