కొన్న నేల, గెలిచిన నేల: లూసియానా, మెక్సికో భూభాగాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల విస్తరణలో 1803 నాటి లూసియానా కొనుగోలును, 1848లో మెక్సికో నుంచి పొందిన భూభాగాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, ఒప్పందంలో రాసుకున్న సొమ్ము రెండింటికీ ఒకటే, కోటిన్నర డాలర్లు. దారులు మాత్రం పూర్తిగా వేరు.

తమ వలసైన హైతీలో తిరుగుబాటును అణచలేక, బ్రిటన్‌తో మళ్లీ యుద్ధం ముంచుకొస్తుండగా ఫ్రాన్స్ పాలకుడు నెపోలియన్‌కు తన చేతిలోని లూసియానా భారమైంది. న్యూ ఆర్లీన్స్ రేవును అడగడానికి వెళ్లిన అమెరికా రాయబారులకు దాదాపు 21 లక్షల చదరపు కిలోమీటర్ల నేల దక్కింది. భూమి కొనే అధికారం రాజ్యాంగంలో స్పష్టంగా లేదని అధ్యక్షుడు జెఫర్సన్ సందేహించినా, చివరకు ఒప్పందాన్ని సెనేట్ ముందుంచాడు.

రెండోది అలా జరగలేదు. అధ్యక్షుడు పోక్ ముందు కొనజూసి, కుదరకపోవడంతో 1846లో యుద్ధానికి దిగాడు. రాజధాని మెక్సికో నగరాన్ని ఆక్రమించిన తరువాత కుదుర్చుకున్న గ్వాడలూప్ హిడాల్గో ఒప్పందంలోని సొమ్మును ధర అనడం నాకు న్యాయంగా తోచదు. అయితే మూలవాసుల సమ్మతిని అడగని కొనుగోలు కూడా నిర్దోషమైనది కాదు.

రాజకీయంగా రెండోదే తీవ్రమైనది. లూసియానా నేలపై బానిసత్వ వివాదం బానిసత్వం ఉండే, ఉండని ప్రాంతాలను గీత గీసి వేరుచేసిన 1820 నాటి మిస్సోరీ రాజీతో కొంతకాలం సద్దుమణిగింది. మెక్సికో నేలలో బానిసత్వాన్ని నిషేధించాలన్న విల్మట్ ప్రతిపాదన మాత్రం ప్రతినిధుల సభలో నెగ్గి, సెనేట్‌లో ఆగిపోయి, పార్టీలనే ఉత్తర, దక్షిణ వర్గాలుగా చీల్చింది.